పదిహేడో స్థానం: ఫిరోజ్‌షా మెహతా, బొంబాయి నగరసభ

1907 ఫిబ్రవరిలో బొంబాయి నగరపాలక సంస్థలో పదహారు స్థానాలకు ఎన్నిక జరిగింది. జస్టిస్ ఆఫ్ ది పీస్ హోదా పొందిన నగర ప్రముఖులకు కేటాయించిన స్థానాలవి. ఓటర్లు వారే. లెక్కింపు ముగిసేసరికి ఫిరోజ్‌షా మెహతా పేరు పదిహేడోదిగా తేలింది. అప్పటికి ఆయన ముప్పై ఏళ్లకు పైగా ఆ సభలో సభ్యుడు. మూడు పర్యాయాలు దానికి అధ్యక్షత వహించారు. 1890లో కలకత్తా కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడయ్యారు. ఆ నగరసభ ఏ చట్టం కింద నడుస్తున్నదో, ఆ చట్టానికి రూపమిచ్చిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఆయనను ఓడించింది ఆనాటి అతివాదులు కాదు. అకౌంటెంట్ జనరల్ హారిసన్, నగర పోలీసు కమిషనరు గెల్, టైమ్స్ ఆఫ్ ఇండియా సంపాదకుడు లోవట్ ఫ్రేజర్ వంటివారు కూడబలుక్కుని పదహారు పేర్లతో ఒక జాబితా తయారుచేశారు. ఓట్లన్నీ ఆ పేర్లకే పడేలా కట్టడి చేశారు. మెహతాను బయటికి పంపడం తప్ప ఆ జాబితాకు వేరే ఉద్దేశం లేదు. చరిత్రలో దానికి ‘కాకస్’ అన్న పేరు స్థిరపడింది. ఒక నగరసభ సభ్యుణ్ణి తప్పించడానికి సర్కారు ఉన్నతోద్యోగులు స్వయంగా ఓట్ల వేటకు దిగవలసి వచ్చిందంటే, ఆ సభ్యుడు వారికి ఎంత అడ్డుగా ఉన్నాడో ఊహించవచ్చు.

పోటీ పరీక్షల పుస్తకాల్లో మెహతాకు దక్కేది రెండు వాక్యాలు: మితవాది, సూరత్ చీలికలో ఒక పక్షం పెద్ద. ఆ మాటలు అబద్ధం కాదు. కానీ ఆయన జీవితంలో ఎక్కువ కాలం గడిచింది కాంగ్రెస్ వేదికల మీద కాదు. కాలువలు, కుళాయిలు, ఇంటి పన్ను, పోలీసు ఖర్చు, ప్రాథమిక పాఠశాలల పద్దుల మధ్య గడిచింది. నలభై ఏళ్ల ఆ పని భారతదేశపు నగరాలకు ఒక పాలనా పద్ధతిని ఇచ్చింది. ఆ పద్ధతిలో ఒక మెలిక ఉంది. దాన్ని మెహతా తెలిసే పెట్టారు. ఆయన ఉన్నంతకాలం అది నగరానికి మేలు చేసింది. ఆయన తర్వాత ఏం చేసిందన్నదే ఇప్పటి ప్రశ్న.

మెహతా 1845 ఆగస్టు 4న బొంబాయి పార్సీ వ్యాపార కుటుంబంలో పుట్టారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ఎం.ఏ. చేసి, లండన్‌లో న్యాయశాస్త్రం చదివి 1868లో బారిస్టరుగా తిరిగివచ్చారు. దాదాభాయి నౌరోజీ సాహచర్యం అక్కడే దొరికింది. తిరిగివచ్చే నాటికి ఆయన ఊరు రెండు గుణపాఠాలు నేర్చుకుని ఉంది. అమెరికా అంతర్యుద్ధం కాలంలో అక్కడి పత్తి ఆగిపోవడంతో బొంబాయి పత్తికి బంగారు ధర పలికింది. వాటాల జూదం ఊరంతా పాకింది. 1865లో ఆ యుద్ధం ముగియగానే కంపెనీలు, బ్యాంకులు కుప్పకూలాయి. 1864 లెక్కల ప్రకారం 8,16,562 ఉన్న నగర జనాభా 1872 నాటికి 6,44,405కు పడిపోయింది. డబ్బు కోసం వచ్చిన జనం డబ్బుతోపాటే వెళ్లిపోయారు. మొదటి గుణపాఠం అది.

రెండోది పాలనకు సంబంధించింది. 1858 చట్టం కింద బొంబాయిని ముగ్గురు కమిషనర్లు కలిసి పాలించేవారు. ముగ్గురి బాధ్యత ఎవరి బాధ్యతా కాదని ఏడేళ్లలో తేలిపోయింది. 1865లో చట్టం మార్చి, కార్యనిర్వహణాధికారమంతా ఒకే కమిషనరుకు అప్పగించారు. ఆయనను నియమించేది ప్రభుత్వం. పైన జస్టిస్‌ల సభ ఒకటి ఉండేది గానీ, అందులో ఉన్నవారంతా ప్రభుత్వం నియమించినవారే. వారు ఎవరికీ జవాబుదారీ కాదు. వచ్చేవారు వచ్చేవారు, మానేవారు మానేవారు. తొలి కమిషనరుగా వచ్చిన ఆర్థర్ క్రాఫర్డ్ చురుకైన మనిషి. వీధులు వెడల్పు చేశాడు, మురుగు తీయించాడు, ఇప్పటికీ పాతవారు క్రాఫర్డ్ మార్కెట్ అని పిలిచే అంగడిని కట్టించాడు. ఆరోగ్యాధికారి హ్యూలెట్‌తో కలిసి పారిశుధ్యం మీద విపరీతంగా ఖర్చు పెట్టాడు. ఆ ఖర్చు కేటాయింపుల గట్టు దాటింది. అప్పు పెరిగింది, పన్ను పెరిగింది. 1871 నాటికి పన్ను కట్టేవారు వీధికెక్కారు.

అప్పుడు ఊరంతా ఒకవైపు నిలిచింది. క్రాఫర్డ్‌ను సాగనంపాలి, కమిషనరు పదవి అధికారాలను కత్తిరించి ఒక మండలి చేతిలో పెట్టాలి అన్నది సంస్కరణవాదుల డిమాండు. ఇరవై ఆరేళ్ల మెహతా ఆ ఏడాది బొంబాయి పురపాలన సంస్కరణ మీద ఒక పత్రం చదివి ఎదురీదారు. ఖర్చు దుబారా అయిన మాట నిజమే కావచ్చు, కానీ ఊరు మునుపటికంటే శుభ్రపడిన మాటా నిజమేనన్నారు. తప్పు కమిషనరుకు అధికారం ఉండటంలో లేదు, ఆ అధికారాన్ని కాపలా కాయవలసిన సభ ఎన్నికైనది కాకపోవడంలో ఉందని వాదించారు. నియమితులైన పెద్దమనుషులు లెక్కలు అడగరు, పన్ను కట్టి ఓటు వేసినవారి ప్రతినిధులు అడుగుతారు. కాబట్టి పని చేయడానికి ఒకే అధికారి ఉండాలి, అతని మీద ఎన్నికైన సభ ఉండాలి. ప్రతినిధుల సభ పని తాను స్వయంగా పాలించడం కాదు, పాలించేవారిని అదుపులో ఉంచడం అన్న జాన్ స్టువర్ట్ మిల్ ఆలోచనకు ఇది చాలా దగ్గర.

క్రాఫర్డ్ గురించి ఇక్కడే ఒక మాట. పదిహేడేళ్ల తర్వాత పూనాలో డివిజన్ కమిషనరుగా ఉండగా ఆయన మీద లంచాల ఆరోపణలు వచ్చి దేశమంతా మారుమోగాయి. లంచం రుజువు కాలేదు గానీ, కింది ఉద్యోగుల దగ్గర అప్పులు చేసిన సంగతి రుజువై ఉద్యోగం పోయింది. 1871లో మెహతా సమర్థించింది ఆ మనిషిని కాదు, ఆ పదవిని. ఆ తేడా అప్పట్లో చాలామందికి పట్టలేదు.

1872 చట్టం మెహతా అడిగిన దానిలో సగం ఇచ్చింది. 64 మంది సభ్యుల్లో 32 మందిని పన్ను చెల్లింపుదారులు ఎన్నుకుంటారు. 16 మందిని జస్టిస్‌లు ఎన్నుకుంటారు, 16 మందిని ప్రభుత్వం నియమిస్తుంది. కమిషనరు మాత్రం ప్రభుత్వ నియామకమే. లోటుపాట్లు ఎన్ని ఉన్నా, ఒక పెద్ద భారతీయ నగరంలో సగం సభ ఓటుతో ఏర్పడటం అదే మొదలు. రిపన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం వెలువడింది 1882లో. బొంబాయి ఆ మాట పదేళ్లు ముందే విన్నది.

తొలి సభల నుంచీ మెహతా అందులో ఉన్నారు. ఆయన పద్ధతి ఆర్భాటం లేనిది. కాగితాలు ముందుగా చదివి రావడం, కమిషనరు నివేదికలోని అంకెను కిందటేటి అంకె పక్కన పెట్టి అడగడం, వాయిదా పడిన తీర్మానాన్ని మరవకుండా మళ్లీ తేవడం. దీన్‌షా వాచా ఆయనకు ఈ పనిలో జీవితకాల సహచరుడు. లెక్కల్లో వాచా చెయ్యి మెహతా కంటే గట్టిది. 1913లో బొంబాయి పురపాలన చరిత్రను పుస్తకంగా వేసినవాడూ ఆయనే. మెహతా వాదించేవారు, వాచా లెక్క కట్టేవారు. ఇద్దరూ కలిస్తే కమిషనరు కార్యాలయానికి నిద్ర పట్టేది కాదు.

1884లోనూ 1885లోనూ సభ ఆయనను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. బోరీ బందరు రైల్వే స్టేషను ఎదురుగా నగరపాలక భవనానికి 1884 డిసెంబరులో రిపన్ శంకుస్థాపన చేసినప్పుడు అధ్యక్షుడు ఆయనే. 1885 జనవరిలో బదృద్దీన్ త్యాబ్జీ, కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్‌లతో కలిసి బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్ నెలకొల్పారు. ఆ డిసెంబరులోనే అదే ఊళ్లో కాంగ్రెస్ పుట్టింది. జాతీయ రాజకీయం, ఊరి రాజకీయం అని రెండు వేరు గదులు అప్పటికి లేవు. ఉదయం మురుగు కాలువ గురించి మాట్లాడిన మనిషే సాయంత్రం శాసనమండలి సంస్కరణ గురించి మాట్లాడేవాడు. రాజమండ్రి పురపాలక సంఘం ఛైర్మనుగా పనిచేసి ఆ తర్వాత బారిస్టరు చదువుకు వెళ్లిన టంగుటూరి ప్రకాశం జీవితంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది.

1887లో ప్రభుత్వం కొత్త పురపాలన బిల్లు తెచ్చింది. కమిషనరును సభ నుంచి మరింత స్వతంత్రుణ్ణి చేయడం ఆ ముసాయిదా మొగ్గు. అప్పటికి మెహతా, తెలంగ్ ఇద్దరూ బొంబాయి శాసనమండలిలో ఉన్నారు. క్లాజు వెంట క్లాజు పోరాడారు. అలా 1888 చట్టం తయారైంది. సభ్యుల సంఖ్య 72కు పెరిగింది: పన్ను చెల్లింపుదారులు ఎన్నుకునేవారు 36, జస్టిస్‌లు ఎన్నుకునేవారు 16, విశ్వవిద్యాలయం ఇద్దరు, వాణిజ్య మండలి ఇద్దరు, ప్రభుత్వ నియమితులు 16. మూడు అధికార స్థానాలను చట్టం గుర్తించింది: సభ, స్థాయీ సంఘం, కమిషనరు. నగర పాలన సభకు చెందుతుందని ఒక ఉపనిబంధన చెబుతుంది. అదే సెక్షన్‌లోని మరో ఉపనిబంధన, కార్యనిర్వహణాధికారం యావత్తూ కమిషనరుకు చెందుతుందని చెబుతుంది. కమిషనరు సభలో కూర్చోవచ్చు, చర్చలో మాట్లాడవచ్చు, ఓటు మాత్రం లేదు. ఆయనను నియమించేది ప్రభుత్వం. తొలగించాలంటే మొత్తం సభ్యుల్లో ఎనిమిదింట అయిదు వంతుల మంది తీర్మానించాలి.

మెహతా గెలుచుకున్నది మొదటి ఉపనిబంధన. ఒప్పుకున్నది రెండోది. ఒప్పుకోవడం ఓటమి అని ఆయన అనుకోలేదు. 1871లో తాను చెప్పింది అదే కదా. చేతులు అధికారివి, కళ్లు ప్రజాప్రతినిధివి. కానీ 1871 పత్రంలో ఒక ప్రశ్నకు సమాధానం పలుచగా ఉంది. చేతులు ఎవరి మాట వింటాయి? జీతం నగరం ఇస్తున్నా, నియామకం, బదిలీ, పదోన్నతి వేరొకరి దగ్గర ఉన్నప్పుడు, సభ కళ్లెర్ర చేస్తే ఆ అధికారికి ఏమవుతుంది? మెహతా కాలంలో సమాధానం ఒక్కటే: సభలో మెహతా ఉన్నారు. ఇది శాసనం ఇచ్చిన సమాధానం కాదు.

ఆ లోటు ప్లేగు కాలంలో బయటపడింది. 1896 సెప్టెంబరులో మాండ్వీ ప్రాంతంలో వ్యాధిని గుర్తించిన డాక్టరు అకాషియో వీగాస్ స్వయంగా నగరసభ సభ్యుడు. వ్యాధిగ్రస్తులను బలవంతంగా ఆసుపత్రికి తరలిస్తారన్న భయం మిల్లు కార్మికుల్లో వ్యాపించింది. అక్టోబరులో ఆర్థర్ రోడ్డు ఆసుపత్రి మీద గుంపు దాడి చేసింది. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. కోవిడ్ కాలంలో మళ్లీ బయటికి తీసిన చట్టం ఇదే. ఆ ఏడాది బొంబాయిలో ప్లేగు పనిని జనరల్ గటాకర్ అధ్యక్షతన ఒక కమిటీకి అప్పగించారు. ఎన్నికైన సభ పక్కకు తప్పుకోవలసి వచ్చింది.

అంతటితో ఆగలేదు. 1898లో ప్రభుత్వం నగరాభివృద్ధి ట్రస్టును సృష్టించింది. మురికివాడలు కూల్చడం, కొత్త రోడ్లు వేయడం, లేఅవుట్లు తీయడం దాని పని. అధ్యక్షుణ్ణి ప్రభుత్వం నియమిస్తుంది. ధర్మకర్తల్లో నగరసభ పంపేవారు కొద్దిమంది. ఖర్చులో మాత్రం నగరానికి వాటా ఉంది. మెహతా, వాచా ఈ ఏర్పాటును ఏళ్ల తరబడి తప్పుపట్టారు. ఊరి రూపురేఖలు నిర్ణయించే సంస్థ ఊరి ఓటర్లకు జవాబు చెప్పనక్కరలేకపోతే, నగరసభకు మిగిలేది చెత్త ఎత్తడమేనని వారి వాదన సారం. ట్రస్టు కూల్చిన గదులు ఎక్కువ, కట్టినవి తక్కువ అన్న విమర్శ ఆ కాలం నుంచే ఉంది. చివరికి 1933లో దాన్ని నగరపాలక సంస్థలో కలిపారు. ఆలోచన మాత్రం చావలేదు. స్వాతంత్ర్యానంతరం ప్రతి రాష్ట్రంలోనూ పుట్టిన నగరాభివృద్ధి ప్రాధికార సంస్థలు ఆ ట్రస్టు వంశమే. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థలోనో విశాఖ మహా ప్రాంత అభివృద్ధి సంస్థలోనో తన వాటా ఎంతో చెప్పగల ఓటరు దొరకడం కష్టం.

పోలీసు ఖర్చు వివాదం ఇంత నాటకీయం కాదు, కానీ మెహతా పనితనం తెలియాలంటే చూడవలసింది అదే. నగర పోలీసు మీద అజమాయిషీ ప్రభుత్వానిది, ఖర్చులో పెద్ద వాటా నగరపాలక సంస్థది. పెత్తనం ఒకరిది, బిల్లు ఇంకొకరిది ఏమిటని సభ దశాబ్దాల పాటు అడుగుతూ వచ్చింది. చివరికి 1907 చట్టంతో ఒక మార్పిడి కుదిరింది. పోలీసు ఖర్చు ప్రభుత్వం తీసుకుంది, ప్రాథమిక విద్య, వైద్య సహాయం భారం నగరం తీసుకుంది. లాఠీ ఖర్చు వదిలి బడి ఖర్చు తలకెత్తుకోవడం ఒక నగరసభకు ఎంత గౌరవమో చెప్పనక్కరలేదు. ముంబయిలో పురపాలక పాఠశాలలు, పురపాలక ఆసుపత్రులు మరే భారతీయ నగరంలోనూ లేనంత విస్తారంగా ఎదగడానికి ఆ మార్పిడి కూడా ఒక కారణం.

ఈ మొండితనమంతా కలిసి 1907 ఫిబ్రవరి కాకస్‌గా మెహతా మీద విరుచుకుపడింది. ఆయన అధికారులను పనిచేయనివ్వడం లేదన్నది ప్రత్యర్థుల ఫిర్యాదు. అందులో రవ్వంత నిజం లేకపోలేదు. మెహతా సభను ఏకచ్ఛత్రంగా నడిపారు. ఆయన మాటకు ఎదురు చెప్పడం యువ సభ్యులకు తేలిక కాదు. ‘బొంబాయి మకుటం లేని మహారాజు’ అన్న పేరు అభిమానులు పెట్టినదే అయినా, ప్రజాస్వామ్య సభలో మహారాజు ఉండటం మెచ్చుకోలు మాటేమీ కాదు. కానీ దానికి మందు అకౌంటెంట్ జనరల్ గదిలో తయారైన జాబితా కాదని నగరం వెంటనే గ్రహించింది. ఏప్రిల్‌లో మాధవ్ బాగ్‌లో భారీ సభ జరిగింది. పూనా రాజకీయాల్లో తలమునకలుగా ఉన్న గోఖలే వచ్చి మాట్లాడారు. ఎన్నికను సవాలు చేశారు. గెలిచిన పదహారు మందిలో ఒకరు అనర్హుడని తేలడంతో పదిహేడో స్థానంలోని మెహతా సభ్యుడయ్యారు. 1911లో నాలుగోసారి అధ్యక్షుడూ అయ్యారు. అదే 1907 డిసెంబరులో సూరత్‌లో ఆయన పక్షం తిలక్ పక్షంతో తలపడి కాంగ్రెస్‌ను రెండుగా చీల్చింది. దేశం ఆయనను సూరత్‌తో గుర్తుపెట్టుకుంది, మాధవ్ బాగ్‌ను మరిచింది.

ఆ సభలో ఎవరు లేరన్నది కూడా చెప్పుకోవాలి. 1872 చట్టం కింద ఓటు రావాలంటే చెప్పుకోదగ్గ మొత్తంలో పన్ను కట్టాలి. పరేల్, గిర్గావ్ చాళ్లలో ఒక్కో గదిలో కాపురముండే మిల్లు కార్మికుడు ఆ లెక్కలోకి రాడు. ప్లేగు మొదట చంపింది అతణ్ణి, ట్రస్టు మొదట కూల్చింది అతని గదిని. నగరసభలో అతని తరఫున మాట్లాడేవాడు ఎవరైనా ఉంటే అది దయ వల్లే, ఓటు వల్ల కాదు. మెహతా ఓటుహక్కు విస్తరణకు వ్యతిరేకి కాడు గానీ, దాని కోసం కాకస్ మీద పోరాడినంత పట్టుదలగా పోరాడిన దాఖలా లేదు. చదువు, ఆస్తి, పౌరబాధ్యత మూడూ ఒకచోట ఉంటాయన్న ఆ తరం నమ్మకం ఆయనదీ. 1922లో అద్దెదారులకు ఓటు దక్కింది. వయోజన ఓటుతో నగరసభ ఎన్నిక 1948లో గానీ జరగలేదు.

కలకత్తా కథ వేరుగా నడిచింది. 1899లో కర్జన్ కాలపు చట్టం అక్కడి సభలో ఎన్నికైనవారి సంఖ్యను సగానికి కుదించింది. సురేంద్రనాథ్ బెనర్జీతో సహా 28 మంది రాజీనామా చేసి బయటికి నడిచారు. మెహతా అయితే బయటికి నడిచేవారు కాదేమో, లోపలే కూర్చుని అడ్డుకునేవారు. అయితే బెనర్జీ మంత్రి అయ్యాక తెచ్చిన 1923 చట్టం బొంబాయి చట్టం చేయని పని చేసింది. ముఖ్య కార్యనిర్వహణాధికారిని ఎంచుకునే హక్కు నగరసభకే ఇచ్చింది, ప్రభుత్వ ఆమోదం ఒక్కటే షరతు. 1924లో చిత్తరంజన్ దాస్ మేయరయ్యారు. సుభాష్ చంద్రబోస్‌ను, ఇరవై ఏడేళ్ల కుర్రవాణ్ణి, ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పెట్టుకున్నారు. అక్టోబరులో ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసి తీసుకుపోయింది. నగరం తన అధికారిని తానే ఎంచుకుంటే ఎలా ఉంటుందో కొన్ని నెలలపాటైనా కలకత్తా చూసింది. 1980 నాటి చట్టంతో మేయర్-ఇన్-కౌన్సిల్ పద్ధతి అక్కడికే మొదట రావడానికి ఈ జ్ఞాపకం కూడా తోడ్పడి ఉండాలి.

ఆ పదేళ్లలో దేశమంతటా కాంగ్రెస్‌వారు పురపాలక సంఘాల్లోకి వెళ్లారు. అహమ్మదాబాదులో వల్లభ్‌భాయి పటేల్, అలహాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ, పాట్నాలో రాజేంద్రప్రసాద్ అధ్యక్ష స్థానాల్లో పనిచేశారు. తీరా దేశం చేతికొచ్చాక నగరాలకు వీరి తరం ఇచ్చిందేమీ లేదు. రాజ్యాంగం ఆదేశిక సూత్రాల్లో గ్రామ పంచాయతీని తలచింది, పట్టణాన్ని తలచలేదు. బొంబాయి నమూనాయే కొత్త కార్పొరేషన్లకు వరవడి అయింది. హైదరాబాదు నగరపాలక సంస్థల చట్టం 1955లో వచ్చినప్పుడు అందులోనూ అవే మూడు అధికార స్థానాలు: సభ, స్థాయీ సంఘం, కమిషనరు. విశాఖపట్నం, విజయవాడ కార్పొరేషన్లు అదే చట్టం నీడలో ఏర్పడ్డాయి. బొంబాయి అధ్యక్షుడికి 1931లో మేయరన్న పేరు వచ్చింది. పేరు మారింది, అధికారం మారలేదు.

మెహతా లెక్కలో ఒక అంకె మాత్రం అప్పటికే తలకిందులైంది. ఆయన కాలంలో కమిషనరును నియమించే ప్రభుత్వం పరాయిది. అధికారి మీద సభ చేసే ప్రతి దాడికీ ఊరి మద్దతు ఉండేది. 1947 తర్వాత ఆ నియామకం ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. ముఖ్యమంత్రి కూడా ఓటుతోనే వచ్చాడు, ఆయన పంపిన అధికారిని ఊరు పరాయివాడనుకోదు. పైగా నగరం మీద పట్టు ఉంటే భూమి మీద పట్టు ఉంటుంది, భూమి మీద పట్టు ఉంటే ఎన్నికల ఖర్చు మీద పట్టు ఉంటుంది. ఏ పార్టీ ముఖ్యమంత్రికైనా బలమైన మేయరు కంటే విధేయుడైన కమిషనరే ముద్దు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూలులో పద్దెనిమిది అంశాలు రాసింది. వాటిని నగరాలకు అప్పగించే పని రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. అయిదేళ్లలోపు ఎన్నిక జరిపి తీరాలని మాత్రం స్పష్టంగానే చెప్పింది. హైదరాబాదు 1991 నుంచి 2002 వరకు ఎన్నికైన సభ లేకుండా గడిపింది. సవరణ వచ్చింది ఆ మధ్యలోనే. విశాఖపట్నం 2012 నుంచి 2021 వరకు ప్రత్యేకాధికారుల పాలనలో ఉంది. ఈ రెండు సందర్భాల్లోనూ రాష్ట్రంలో అధికారంలో ఉన్నది ఒకే పార్టీ కాదు.

మెహతా 1915 నవంబరు 5న కన్నుమూశారు. ఆ ఏడాది జనవరిలోనే గాంధీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగివచ్చారు, ఫిబ్రవరిలో గోఖలే పోయారు. రాజకీయం మరో దారి పట్టింది. నగరపాలక భవనం ముందు 1923లో మెహతా విగ్రహం నిలిపారు. ఆయన వాదించి నిలబెట్టిన 1888 చట్టం మాత్రం సవరణలతో ఈనాటికీ అమల్లో ఉంది.

ఆ చట్టం కింద ఏర్పడిన ముంబయి సభ పదవీకాలం 2022 మార్చిలో ముగిసింది. వార్డుల సంఖ్య మీద, రిజర్వేషన్ల మీద వ్యాజ్యాలు సాగుతుండగా ఎన్నికలు ఏళ్ల తరబడి వాయిదా పడ్డాయి. కమిషనరునే అడ్మినిస్ట్రేటరుగా నియమించారు. 2023 ఫిబ్రవరిలో 52,619 కోట్ల రూపాయల బడ్జెట్ తయారైంది. చట్టం ప్రకారం కమిషనరు దాన్ని స్థాయీ సంఘం ముందు పెట్టాలి, సంఘం పరిశీలించి సభకు పంపాలి, సభ చర్చించి ఆమోదించాలి. సంఘం లేదు, సభ లేదు. వాటి అధికారాలు అడ్మినిస్ట్రేటరుకు దఖలు పడ్డాయి. కమిషనరు హోదాలో సమర్పించినది, అడ్మినిస్ట్రేటరు హోదాలో స్వీకరించి ఆమోదించినది ఒకే అధికారి.